ప్రేమదాసు దొడ్లో గది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, కట్టిన గదిని అద్దెకిచ్చి చూడు అనడం మర్చిపోయారు. వాళ్ళకి దొడ్లో గదులు వేసుకునే అవసరం రాలేదు కాబోలు. ప్రేమదాసుకి వచ్చింది.

సత్తెనపల్లి శివారు కాలనీలో ప్రేమదాసుని ఎరగనివాళ్ళు లేరు. ముప్పై రెండేళ్ళు మిరపకాయల గోతాలు మోసిన మనిషి. ఆ గోతాలని అక్కడ టిక్కీలంటారు. లారీ మీంచి వీపు మీదికి, వీపు మీంచి కోల్డ్ స్టోరేజీలోకి, మళ్ళీ సరుకు అమ్ముడుపోతే అక్కణ్ణించి లారీలోకి. యాభై ఎనిమిదో ఏట మోకాళ్ళు ఇక మావల్ల కాదన్నాయి. డాక్టరు కూడా అదే మాట చెప్పాడు, కాకపోతే ఫీజు తీసుకుని చెప్పాడు. భార్య దేవకుమారిది మిరపకాయల తొడిమలు తీసే పని. ఒక్కగానొక్క కూతురు పొన్నూరులో టీచరు, దాని సంసారం దానిది. అందుకని ప్రేమదాసు ఒక లెక్క వేసుకున్నాడు. దొడ్లో జామచెట్టు పక్కన జాగా ఊరికే పడి ఉంది. ఓ గది, వంటిల్లు, బాత్‌రూమ్ వేస్తే, వచ్చే అద్దెతో ఇద్దరికీ ఇంత ముద్ద దొరుకుతుంది. టిక్కీ దించేయొచ్చు.

కట్టాడు. ఇటుకలు తనే మోశాడు, గోడలు తనే తడిపాడు. మేస్త్రీ ఒక్క వరస వంకర పేరిస్తే, అది ఊడబీకించిందాకా అన్నం తినలేదు. పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారు. గోడలకి తెల్లరంగు, పైన కొత్త ఫ్యాను. ఆ ఫ్యానంటే ప్రేమదాసుకి ముద్దు. పని లేకపోయినా వెళ్ళి స్విచ్చి వేసి, కాసేపు కింద నిలబడి వచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే మిరప కోతలు ముగిశాయి. ఎదురింటి పేరయ్య మూడెకరాల రైతు. ఆయనకీ ప్రేమదాసుకీ ఇరవై ఏళ్ళుగా ఏరా అంటే ఏరా.

"ఒరేయ్ దాసూ, రేటు చూస్తే నేల మీద ఉంది. కోల్డ్ స్టోరేజీలో జాగా లేదంటున్నారు. నీ గది ఖాళీగానే ఉందిగా, నాలుగు వారాలు నా టిక్కీలు పెట్టుకోనీరా."

"పెట్టుకో. దానికి అడగడమెందుకు?"

ఆ ఊళ్ళో ఖాళీ గదిలో మిరపకాయలు పెట్టడం తప్పు కాదు. పెట్టుకోనివ్వకపోతే తప్పు. టిక్కీలు ఒకదాని మీద ఒకటి ఫ్యాను కిందిదాకా పేర్చారు. నాలుగు వారాలు పది వారాలయ్యాయి. రేటు కాస్త లేచాక పేరయ్య సరుకు తోలేశాడు. దేవకుమారి గది ఊడ్చి, నేల కడిగింది. ప్రేమదాసు గేటుకి టు లెట్ బోర్డు కట్టాడు.

మొదట వచ్చింది చైతన్యకృష్ణ, అతని భార్య శ్రీదివ్య. కుర్రాడికి సర్వేయరుగా ఆ ఊరు బదిలీ అయింది. మర్యాదగల పిల్లలు. గది చూసి బాగుందన్నారు, వంటిల్లు చూసి బాగుందన్నారు. ప్రేమదాసుకి హుషారొచ్చి, "ఫ్యాను చూడండి, గాలి ఎట్లా వస్తుందో," అని అయిదులో పెట్టాడు.

శ్రీదివ్యకి దగ్గొచ్చింది. చైతన్యకృష్ణ రెండు తుమ్ములు తుమ్మాడు.

"ఊళ్ళో జ్వరాలు తిరుగుతున్నాయి, జాగ్రత్తమ్మా," అన్నాడు ప్రేమదాసు.

"ఫోన్ చేస్తామండి," అన్నాడు కుర్రాడు. ఇద్దరూ గబగబా బయటికి నడిచారు. గేటు దాటి, దాని స్తంభం దగ్గర ఆగారు. ఆ స్తంభం మీద సిలువ గుర్తు, కింద బైబిలు వాక్యం చెక్కించిన నల్లరాతి పలక ఉంది. దాని ముందు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఏదో గుసగుసలాడారు, వెళ్ళిపోయారు. ఫోన్ రాలేదు.

తర్వాత బ్యాంకాయన వచ్చాడు. ఆ తర్వాత కాలేజీ లెక్చరర్లు ఇద్దరు. అందరిదీ ఒకటే వరస. గది చూడటం, బాగుందనడం, ఫ్యాను వేయగానే బయటపడటం, పలక దగ్గర ఆగి మొహాలు తుడుచుకోవడం, ఫోన్ చేస్తామనడం. రెండు నెలలు గడిచాయి. ప్రేమదాసు మోకాళ్ళకి తైలం రాసుకుని మళ్ళీ టిక్కీలెత్తడానికి పోతున్నాడు.

"నాకు తెలుసులే వాళ్ళకేమొచ్చిందో," అన్నాడు ఒకరోజు భార్యతో.

దేవకుమారికీ తెలుసు. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో గుంటూరులో గది వెతుక్కుంటూ వెళితే, ఒక పెద్దావిడ గది చూపించి, అడ్వాన్సు మాట్లాడి, చివర్లో తాపీగా అడిగింది. "ఇంతకీ మీరేవిట్లు?" ప్రేమదాసు తమ కులం ఉన్నదున్నట్టు చెప్పాడు. "మా అన్నయ్యగారి వాళ్ళొస్తున్నారు, మర్చేపోయాను," అందావిడ. ప్రేమదాసు "సరేనండి" అని ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు. ఆ 'సరేనండి' అన్నందుకు తన మీద తనకి ఇప్పటికీ కోపమే. దొడ్లో గదికి పునాది తీసిన రోజున భార్యకి చెప్పాడు, ఈ గదికి ఎవరొచ్చినా ఆ మాట అడగకూడదని.

"పోనీ, ఆ పలక కొన్నాళ్ళు తీసి లోపల పెడదామా?" అంది దేవకుమారి, భయం భయంగా.

"గది కూల్చేస్తా గాని పలక తియ్యను."

"మోకాళ్ళు నీవి. నీ ఇష్టం," అనేసి ఆవిడ లోపలికి పోయింది.

చైతన్యకృష్ణ రెండు వీధుల అవతల గది తీసుకున్నాడు. టీ కొట్టు దగ్గర ఎదురుపడి, "బాగున్నారా అండి?" అన్నాడు. ప్రేమదాసు మొహం పక్కకి తిప్పుకుని, గ్లాసులో సగం టీ వదిలేసి వచ్చేశాడు.

శ్రావణంలో ఒక ఆదివారం, ఆరాధన నుంచి వచ్చేసరికి గేటు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. పేరు సమీరా అట, ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిందట, ఊరు ఒంగోలు దగ్గర కొత్తపట్నం అట. అడక్కముందే అన్నీ చెప్పేసింది. తాళం తీసి గది చూపించాడు ప్రేమదాసు. ఈ పిల్ల మాత్రం ఉంటుందా అన్న నీరసంతోనే ఫ్యాను వేశాడు.

సమీరాకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కళ్ళమ్మట ధారలు కారిపోతున్నాయి. అయినా కదల్లేదు.

"ఎప్పుడు చేరమంటారండి?" అంది.

ప్రేమదాసు బిత్తరపోయాడు. "ఏడుస్తున్నావేంటమ్మా?"

"ఏడుపు కాదండి. మిరపకాయ ఘాటు. గదంతా అదేగా. మీకు తెలియట్లేదా?"

ప్రేమదాసు ఒకటికి రెండుసార్లు గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు. ముప్పై రెండేళ్ళు టిక్కీల మధ్య బతికిన ముక్కు అది. దేవకుమారిని పిలిచాడు. ఆవిడా పీల్చి, "ఘాటెక్కడుంది?" అంది. ఫ్యాను ఆపి, స్టూలెక్కి, రెక్క మీద వేలితో రాశాడు. వేలు ఎర్రగా వచ్చింది. కడిగింది నేల ఒక్కటే. ఫ్యాను రెక్కలు, గోడలు, కిటికీ సందులు పది వారాల కారం తాగి కూర్చున్నాయి. వచ్చినవాళ్ళందరి నెత్తినా తన చేత్తోనే చల్లాడు. వాళ్ళు పలక దగ్గర ఆగింది చదవడానికి కాదు, కళ్ళు తుడుచుకోవడానికి.

స్టూలు మీదే కూలబడ్డాడు.

"ఇంత ఘాటున్నా తీసుకుంటావా అమ్మా?"

"ఘాటుకేముందండి, నాలుగు రోజులుంటే అలవాటైపోతుంది."

"ఒక్కదానివే వచ్చావా?"

ఆ పిల్ల వీధి వైపు చూసింది. "మా నాన్న వచ్చాడండి. సుభానీ. వీధి చివర నిలబడ్డాడు. ఆయన గడ్డం, టోపీ చూసి మూడు చోట్ల గది లేదన్నారు. అందుకని ముందు నువ్వెళ్ళి మాట్లాడమ్మా అన్నాడు. మీకు ముందే చెప్పేస్తే మంచిదని చెబుతున్నా."

ప్రేమదాసు ఎర్రబడ్డ వేలు చూసుకుని, "ఈ గది నీకివ్వనమ్మా," అన్నాడు.

"సరేనండి," అంది సమీరా. వెంటనే బ్యాగు భుజానికి తగిలించుకుంది.

ఆ మాట విన్నాక ప్రేమదాసు మోకాళ్ళు గుర్తు లేకుండా లేచాడు. "అయ్యో తల్లీ, నా మాట పూర్తిగా విను. ఈ ఘాటులో ఇవ్వనన్నాను. కడిగి, సున్నం కొట్టిందాకా మా ముందు గదిలో ఉండు. నీతో మా ఆవిడ పడుకుంటుంది." అని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరిదాకా వెళ్ళాడు. కరెంటు స్తంభం చాటున ట్రంకుపెట్టెతో నిలబడి ఉన్న సుభానీ చెయ్యి పట్టుకుని, "ఇక్కడేం పని అన్నా, ఇంట్లోకి రా," అని లాక్కొచ్చాడు.

మర్నాటి నుంచి యుద్ధమే. పేరయ్య విషయం విని, "ఇదంతా నా టిక్కీల పాపమేరా," అని తనే గోడలు రుద్దాడు. ఫ్యాను రెక్కలు ఊడదీసి సబ్బునీళ్ళలో నానేశారు. రెండు పూతలు సున్నం కొట్టారు. అప్పుడొక చిక్కొచ్చింది. ఘాటు పోయిందో లేదో చెప్పే ముక్కు ఆ వీధి మొత్తంలో లేదు. సమీరాని అడిగితే మొహమాటానికి పోయిందనే అంటుంది.

ప్రేమదాసు టీ కొట్టుకి వెళ్ళాడు. చైతన్యకృష్ణ అక్కడే ఉన్నాడు.

"బాబూ, ఒక్కసారి మా ఇంటికొచ్చి ఫ్యాను కింద నిలబడాలి. దగ్గొస్తుందేమో చెప్పాలి."

కుర్రాడు నవ్వాపుకుని వచ్చాడు. ఫ్యాను అయిదులో పెట్టారు. ప్రేమదాసు, దేవకుమారి, పేరయ్య గుమ్మంలో నిలబడి అతని మొహమే చూస్తున్నారు. అయిదు నిమిషాలైంది. దగ్గు రాలేదు.

"లేదండి. సున్నం వాసనే," అన్నాడు చైతన్యకృష్ణ.

"ఆ రోజు ఒక్క మాట చెప్పలేకపోయావా బాబూ?"

"మా ఆవిడ చెబుదామనే అందండి. గేటు దగ్గర నేనే ఆపాను. పెద్దాయన అంత మురిసిపోతూ ఫ్యాను చూపిస్తుంటే, ఎట్లా చెప్పమంటారు?"

ప్రేమదాసుకి తల తీసేసినట్టయింది. అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నిన్ను మీరేవిట్లని నేను నోటితో అడగలేదు గాని బాబూ, రెండు నెలలుగా మనసులో అదే అడుగుతున్నాను. నన్ను క్షమించు."

చైతన్యకృష్ణకి సగమే అర్థమైంది. "భలేవారే, నాకెందుకండీ క్షమాపణ," అన్నాడు.

ఆ సాయంత్రం సమీరా ట్రంకుపెట్టెని ముందు గదిలోంచి దొడ్లో గదికి ప్రేమదాసే మోశాడు. కూతుర్ని గదిలో దించడానికొచ్చిన సుభానీ వద్దంటున్నా వినలేదు.