తేనెపెట్టెల బండికి కొత్త షాకులు

వీధిలో అందరికీ ఆమె తేనెత్త. పెళ్లయిన కొత్తలో తేనెటీగ కనబడితే తలుపేసుకున్న మనిషే, ఇప్పుడు ముంజేతిమీద వాలితే పలకరించి పంపిస్తుంది. భర్త పోయాక ఆయన పెంచిన తేనెటీగల్ని మరిదితో కలిసి తనే చూసుకుంటోంది.

కొండమీద పూలు విచ్చేవేళకి పెట్టెల్ని పికప్‌లో పైకి చేర్చాలి. దారిలో ఎండిపోయిన వాగు, నిండా రాళ్లు. నిరుడు బండి అడుగు రాయికి కొట్టుకుంది. ఆ కుదుపుకి తేనెపట్టులు విరిగిపడి, సగం పెట్టెల్లో రాణీగలు తేనెలో మునిగి చచ్చాయి. మిగిలినవీ పోతే ఇక పెంచడానికి ఈగలుండవు.

అందుకే వదినా మరిదీ బండితో షెడ్డుకి వచ్చారు. మెకానిక్ రెండు రకాల లిఫ్ట్ కిట్‌లు చూపించాడు. ఒకటి బండిని నాలుగంగుళాలు లేపుతుంది, కుదుపులాపే షాకులు గట్టివి. రెండోది రెండంగుళాలే, షాకులు మెత్తన.

"నాలుగంగుళాలదే వెయ్యన్నా! ఏనుగెక్కినట్టుండాలి," అన్నాడు మరిది.

"ఊరేగింపు నీకా, ఈగలకా?"

"రాయి తగలకూడదంటే ఎత్తు కావాలి కదా వదినా!"

"తగలకపోయినా, ఎగిరెగిరి పడితే పట్టు ఆగుతుందా?"

మెకానిక్ తల గోక్కున్నాడు. "నడిపితేగానీ తేలదు అత్తా. రెండూ బిగించి చూపిస్తా."

మర్నాడు ఆమె పాత, గట్టి పట్టులున్న పెట్టె ఒకటి ఈగలతో సహా తెచ్చింది. బండి వెనక తనూ ఎక్కి పెట్టె చెక్కకి చెవి ఆనించింది. ఎత్తు కిట్‌తో మరిది వాగు దాటించాడు. ఏ రాయీ అంటలేదు. కానీ మొదటి గతుక్కే పెట్టెలో లేచిన రొద అవతలి గట్టెక్కినా దిగలేదు.

"ఇది తీసెయ్యమను."

"బాగానే దాటాం కదా వదినా!"

"నువ్వు దాటావు. ఇవి ఇంకా వాగులోనే ఉన్నాయి."

సాయంత్రానికి రెండోది బిగించి మెకానిక్కే నడిపాడు. ఈసారి చెవి ఆనించింది మరిది. పెద్దరాయి దగ్గర మెకానిక్ దిగి వంగి చూశాడు. బండి అడుగుకీ రాయికీ వేలెడు సందు. మెల్లగా పోనిచ్చాడు. బండి ఊగింది. లోపల రొద పెద్ద ఊపిరిలా లేచింది, అలాగే దిగింది. ఆ చీకటి పెట్టెలో అన్నివేల రెక్కలు ఒక్క ప్రాణంలా సర్దుకున్నాయి. అవతలి గట్టెక్కాక కూడా మరిది చెవి తియ్యలేదు.

పెట్టెలన్నీ కొండెక్కిన రోజున, ఎవరూ చెప్పకుండానే ప్రతి గతుకు దగ్గరా అతను బండి నెమ్మది చేశాడు. పైన మూతలు తీస్తే ఒక్క పట్టూ విరగలేదు. తేనెత్త పట్టున్న చట్రం ఒకటి ఎత్తి ఎండకేసి పట్టుకుంది. రాణీగ గది గదిలో తలపెట్టి చూసుకుంటూ నడుస్తోంది. చుట్టూ ఈగలు పక్కకి ఒదిగి దారిస్తున్నాయి.

"ఇంత దూరం వచ్చినట్టు దీనికి తెలుసా వదినా?" మరిది గొంతు తగ్గించి అడిగాడు.

"ష్! గుడ్డు పెడుతోంది."

అది పెట్టడం అయిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు.