నా పెట్టె చుట్టూ సున్నం గీత

పోయిన సెలవుల్లో చూశావట, మొన్న ఫోనులో అడిగావు: నాయనమ్మా, మంచినీళ్ల గ్లాసు పెట్టేముందు నేలకేసి ఎందుకు చూస్తావు అని. గీత ఎక్కడుందా అని చూస్తాను, బంగారం. ఈ ఇంట్లో గీతలు లేవని నాకూ తెలుసు. కళ్లకే ఇంకా తెలియలేదు.

నేను మాచవరం నుంచి పిడుగురాళ్ల కాపురానికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా అయిపోలేదు. మా మామది సున్నపు బట్టీలో పని. ఆ ఇంట్లో నీళ్లకి కరువుండేది గానీ సున్నానికి ఉండేది కాదు. గడప దాటి లోపల కాలు పెట్టబోయి ఆగిపోయాను. నల్లటి నాపరాళ్ల మీద ఎటు చూసినా తెల్లటి చుట్లు. ప్రార్థన చేసుకునే వాళ్లింట్లో ఇన్ని ముగ్గులేమిటా అనుకుని, తొక్కకుండా ఒక కాలెత్తి నిలబడ్డాను. మీ తాతయ్య వెనకనుంచి మెల్లగా అన్నాడు.

"అది ముగ్గు కాదు. బిందె."

"బిందె ఏదీ?"

"బావికి పోయింది. వస్తది."

నిజంగానే అత్త బిందెతో వచ్చి, దాన్ని ఆ చుట్టులో కూర్చోబెట్టి, వెంట్రుకవాసి ఇటు జరిపి, అప్పుడు నా మొహం చూసింది.

అక్కడ ప్రతి వస్తువుకీ సున్నంతో గీసిన చోటుండేది. చెంబుకి చిన్న చుట్టు, రోలుకి పెద్ద చుట్టు, చీపురుకి పొడుగాటి గీత, మామ చెప్పులకి రెండు పాదాలు. చీకట్లో చెయ్యి చాపితే చెంబు చేతికి రావాలిగా అనేది అత్త. కిరసనాయిలుకి కంట్రోలు వచ్చి దీపాలు కరువయ్యాక ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లే లేకపోయారు. ప్రతి శనివారం నేల కడిగి, ఈతపుల్ల చివర నలగ్గొట్టి సున్నంలో ముంచి, చెరిగీ చెరగని గీతల మీదే మళ్లీ గీసేది.

పిల్లికీ గీత ఉంది. అది నిద్రపోతుండగా చుట్టూ గీసిందట, తోకతో సహా. ఆ ఇంట్లో ఒక్క మాట పడకుండా బతికింది ఆ పిల్లే. ఎప్పుడు చూసినా తన గీతలోనే, తోక అదే వంకరలో పెట్టుకుని పడుకునేది. కష్టమంతా మామకే. ఆయన అన్నానికి కూర్చునే చోట, మఠం వేసుకున్న ఆకారం గీసి ఉండేది. ఎప్పుడో బక్కగా ఉన్నప్పటిది. పాపం, మోకాళ్లు లోపలికి ముడుచుకుని, పొట్ట బిగబట్టి తినేవాడు.

"ఏమే, కాస్త పెద్దది గీయరాదటే?"

"నువ్వు పెరిగావు. గీతనేం చెయ్యమంటావు?"

నేను పుట్టింటినుంచి ఒక రేకుపెట్టె తెచ్చుకున్నాను. దానికి గీత లేదు. గోడ వారగా పెడితే "అది గంప చోటు" అనేది అత్త. మంచం కింద పెడితే "అక్కడ చేట ఉంటది" అనేది. మరెక్కడ పెట్టనంటే "చూద్దాంలే" అనేది. పెట్టె అరుగు మీదే ఉండేది. వానొస్తే ఎత్తుకుని లోపలికి పరిగెత్తేదాన్ని. పక్కింటి పిన్ని రోజూ చూసేది.

"ఏమే, పెట్టె బయటే ఉంది? ఊరికి పోతన్నావా?"

"లేదు పిన్నీ."

"గీత పడలా? అయితే ఇంకా చుట్టానివేలే!"

నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. చేటకి చోటుంది, పిల్లి తోకకి చోటుంది, నా పెట్టెకి లేదు. గీత పడేదాకా నేనా ఇంటిమనిషిని కానని మనసులో పడిపోయింది. పెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసుకోవడానికి చెయ్యి రాలేదు.

ఖాళీ గీత ఒకటుండేది, కిటికీ కింద. గుండ్రం కాదు, చదరం కాదు. ఒక పక్క సన్నగా సాగి, చివర వంపు తిరిగి ఉండేది. అందులో ఎన్నడూ ఏ వస్తువూ లేదు. అయినా శనివారం అన్నిటికంటే జాగ్రత్తగా దాన్నే గీసేది అత్త. ఒకరోజు తెగించి నా పెట్టె తీసుకెళ్లి అందులో పెట్టాను. మూలలు బయటికి పొడుచుకొచ్చాయి. అత్త కేకలెయ్యలేదు. పెట్టెని మెల్లగా ఇవతలికి లాగింది.

"అది దీనిది కాదమ్మాయ్."

"మరి దేనిది అత్తా?"

"దేనిదైతే దానిది."

ఆ వారమే మా చర్చి అయ్యగారు ఇంటికి ప్రార్థనకి వచ్చారు. ఊరికి కొత్త, మనిషి భారీ. అరుగు మీద పెట్టె చూసి ఏమనుకుంటారోనని దాన్ని లోపలికి తెచ్చాను. దించే చోటు లేక చేతుల్లో పట్టుకునే నిలబడ్డాను. మంచం నల్లులు పట్టాయని ఎండలో వేసి ఉంది. అయ్యగారు ఎక్కడ కూర్చోబోయినా అత్త "అయ్యో, అది బిందెది అయ్యగారూ", "అది రోలుది అయ్యగారూ" అంటూ అడ్డం పడేది. మర్యాదకి మామ తన గీత ఆయనకిచ్చాడు. మామకే చాలని గీతలో ఆయనేం పడతారు? చోటు పోయిన మామ పిల్లి దగ్గర కూర్చోబోతే అది గుర్రుమంది.

"దాన్ని లేపుతావేందయ్యా? అదేం చేసింది నిన్ను?" అని అత్త మామనే కసిరింది.

అయ్యగారు ఇదంతా చూసి చూసి నావైపు తిరిగారు.

"అమ్మా, ఆ పెట్టె దించు."

"ఎక్కడ అయ్యగారూ?"

"నా ఎదురుగానే."

గది నడిమధ్యలో దించాను. ఆయన దానిమీద కూర్చుని కళ్లు మూసుకున్నారు.

ప్రార్థన చాలాసేపు సాగింది. జబ్బు చేసినవాళ్లు, రాని వానలు, యుద్ధానికి పోయిన పిల్లలు, అందరూ అయ్యారు. ఇంతలో బరబరమని చప్పుడైతే కళ్లు తెరిచాను. అత్త ఒక చేత్తో సున్నం ముంత, ఒక చేత్తో ఈతపుల్ల పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ పెట్టె చుట్టూ గీస్తోంది. తల భక్తిగా వంచే ఉంది. పెదాలు ప్రార్థనతో కదులుతూనే ఉన్నాయి. అయ్యగారి పాదాలు అడ్డొస్తే వాటిచుట్టూ కూడా గీసి ముందుకు పోయింది. ఆమెన్ అన్నాక ఆయన కళ్లు తెరిచి కాళ్లకేసి చూసుకున్నారు.

"ఇదేందమ్మా?"

"చానాసేపు కదలకుండా ఉంది అయ్యగారూ. ఇంక అదే దాని చోటు."

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆ సాయంత్రమే చీరలు తీసి దండెం మీద వేసుకున్నాను.

పెట్టె మాత్రం గది నడిమధ్యలోనే ఉండిపోయింది. పొయ్యి దగ్గరికి పోవాలన్నా, నీళ్లకి పోవాలన్నా దాన్ని చుట్టి పోవాల్సిందే. మీ తాతయ్య కాలి బొటనవేలు నయమయ్యేది, మళ్లీ కొట్టుకునేది. జరుపుదామంటే అత్త ఒప్పుకోదు. "గీత పడ్డాక ఎట్టా జరుపుతార్రా?" అనేది. పెట్టె ముందు అయ్యగారి పాదాలు కూడా శనివారం శనివారం తెల్లగా మెరిసేవి.

అప్పటినుంచి నాకెవరూ ఏదీ చెప్పనక్కర్లేకపోయింది. ఏ వస్తువు వాడినా నా చెయ్యే దాన్ని దాని గీతలోకి చేర్చేది. ఖాళీ గీత కనిపిస్తే, పొద్దుపోయినా ఎవరో ఇంటికి రానట్టు మనసు పీకేది.

అందుకే ఆ కిటికీ కిందిది నన్ను వదల్లేదు. అన్నిటికీ వస్తువు ముందొచ్చింది, గీత తర్వాత పడింది. దానికొక్కదానికే గీత ముందు. మామని అడిగితే "నాకూ చెప్పలేదే" అన్నాడు. అత్త మంచాన పడ్డాక శనివారాలు నేనే గీశాను, ఆ చివరి వంపుతో సహా. ఒక మధ్యాహ్నం ఆమె తల తిప్పి కిటికీ కిందకి చాలాసేపు చూసింది.

"ఇంకా రాలేదా?" అంది.

మంచం మీదికి వంగాను. ఆమె అప్పటికే కళ్లు మూసుకుంది. అయినా అడిగాను.

"ఏంది అత్తా రావాల్సింది?"