తొమ్మిది శాతం

కొత్తకోట దగ్గరి పల్లెలో అంజన్నకు నూటపది గొర్రెలుండేవి. కొడుకు పరమేష్ పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా వాటి వెంటే తిరిగాడు. ఎండాకాలం మేత దొరక్కపోతే తండ్రీకొడుకులు మందను తోలుకొని కాలువ నీళ్లుండే హాలియా వైపు నడిచేవారు. కోత అయిన పొలాల్లో మంద ఆపి, మూడు రాళ్లు పెట్టి అక్కడే వండుకునేవారు. ఆ నడకకు విసిగి పరమేష్ డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ముప్పై రెండో ఏట కరెంటు కారు కొని విమానాశ్రయానికి కిరాయిలు కొట్టసాగాడు. కారు ఇంటికొచ్చిన రోజు అంజన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "సప్పుడే లేదు గదరా! గొర్లు గూడ బెదరవు" అని మురిశాడు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున పరమేష్ ప్రయాణికులను దింపి, చార్జింగ్ కోసం విమానాశ్రయం పార్కింగుకు వచ్చాడు. అప్పుడే తల్లి సత్తమ్మ ఫోన్ చేసింది.

"కొడుకా, గొర్లను రోడ్డు దాటిస్తుంటే మీ నాయినను లారీ గుద్దింది. పాలమూరు దవాఖానకు తెచ్చినం. జల్ది రా."

"తెలివితోని ఉన్నడా అమ్మా?"

"ఉన్నడు. పరమేషు వచ్చిండా, పరమేషు వచ్చిండా అంటాండు."

అప్పుడు పది గంటలు. కారులో చార్జింగ్ తొమ్మిది శాతం. పాలమూరు ఎనభై కిలోమీటర్లు.

చార్జింగ్ పాయింట్లు రెండే ఉన్నాయి. రెండింటి దగ్గరా కార్లున్నాయి. రెండూ ఎప్పుడో నిండాయి. కానీ తీగలు పెట్టి తాళం వేసుకొని పోయారు. యజమాని వచ్చి కారు తెరిస్తే తప్ప తీగ ఊడిరాదు. ఒక కారు అద్దం మీద నంబరుంటే పరమేష్ పదేపదే ఫోన్ చేశాడు. స్విచాఫ్.

అక్కడ పనిచేసే నిహారిక పరుగున వచ్చింది. "అన్నా, గా తెల్ల కారు సారు పదకొండింటికి దిగుతనన్నడు. ఆయనొస్తే మొదలు నీదే పెడత."

పరమేష్ లెక్క వేసుకున్నాడు. పదకొండుకు తీగ దొరికితే, అరగంటలో సరిపడా ఎక్కితే, ఒంటిగంట లోపల నాయిన దగ్గరుండొచ్చు. బస్సుకు పోదామా అనుకున్నాడు. నాయినను హైదరాబాదు పెద్ద దవాఖానకు తేవాల్సి వస్తే కారుండాలి కదా అనిపించింది. ఆగాడు.

పదకొండు దాటింది. విమానం ఆలస్యమని తెలిసింది. పదకొండుంపావుకు సత్తమ్మ మళ్లీ చేసింది. "యాడికొచ్చినవ్ బిడ్డా?"

"షాద్‌నగర్ దాటిన అమ్మా" అన్నాడు, చార్జింగ్ పాయింటును పట్టుకొని నిలబడి.

ఆ మాట తన నోట విన్నాక ఇక నిలవలేకపోయాడు. తాళంచెవి నిహారిక చేతిలో పెట్టి పెద్దరోడ్డు దాకా ఉరికి, దొరికిన బస్సెక్కాడు. నిలబడే పోయాడు. బస్సు ప్రతి స్టేజీలో ఆగింది.

దవాఖాన చేరేసరికి ఒకటిన్నర. అంజన్న పన్నెండున్నరకే పోయాడు.

సత్తమ్మ ఏడవలేదు. "షాద్‌నగర్ దాటిండంటే, 'అయితే వస్తడు తియ్' అని కండ్లు మూసుకున్నడు" అని మాత్రం చెప్పింది. ఆమెకు నిజం చెప్పబోయి పరమేష్ నాయిన కాళ్ల మీద దుప్పటి సర్దాడు. పదింటికే బస్సెక్కి ఉంటే అందేవాడు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

దినాలయ్యాక కారు కోసం పోయాడు. నిహారిక తాళంచెవి ఇస్తూ, "ఫుల్ పెట్టి ఉంచిన అన్నా. నాయినకెట్ల ఉన్నది?" అంది. తల అడ్డంగా ఊపాడు.

సత్తమ్మ గొర్రెలను అమ్మనివ్వలేదు. అమ్మానాయినల కేక తప్ప ఎరగని మంద పరమేష్ పిలిస్తే కదలదు. రోజూ పొద్దున ఆమే ముందు నడుస్తుంది. రోడ్డు వచ్చినచోట అతను చేతులు చాచి నడిమధ్యలో నిలబడతాడు. చివరి గొర్రె దాటేదాకా కదలడు. ఆ తర్వాతే కారు తీస్తాడు. షాద్‌నగర్ మాట మాత్రం తల్లికి ఇప్పటికీ చెప్పలేదు.