చలిదేశం బావగారు

మా ఆయనకు ఇంగ్లీషు వచ్చు. తెలుగు సరేసరి. ఇంటికి పేపరు వస్తుంది, టీవీ ఉంది. అయినా సరే, ప్రపంచంలో ఏం జరిగిందో ఎస్పరాంతోలో చదువుకుంటేగాని ఆయనకు కాఫీ గొంతు దిగదు. ఏ దేశానిదీ కాని భాష అది. అన్ని దేశాలవాళ్ళూ మాట్లాడుకోవడానికి పూర్వం ఎవరో పెద్దమనిషి పనిగట్టుకుని తయారుచేశాడట. ఈయన తాడేపల్లిగూడెంలో చదువుకునే రోజుల్లో ఒక సన్నపాటి పుస్తకం చూసి నేర్చుకున్నారు. కూడూ గుడ్డా పెట్టని భాష దేనికండీ అని పెళ్ళయిన కొత్తలో నేనంటే, "అన్నీ కూడే పెట్టాలేంటే?" అని నవ్వేసేవారు.

అప్పట్లో ఉత్తరాలు వచ్చేవి. ఇప్పుడంతా ఫోనులోనే. వారంవారం కొత్త వార్తలు పెట్టే వెబ్‌సైటు ఒకటుంది. అందులో రాసేవాళ్ళు విలేకరులు కారు. ఎవరి ఊళ్ళో వాళ్ళుండి, అక్కడి వరదలూ ఎన్నికలూ సమ్మెలూ తామే రాసి, తామే ఫొటోలు తీసి పంపుతారు. వాళ్ళలో ఒక ముసలాయన మా ఇంట్లో మనిషైపోయాడు. ఉత్తరాన ఏదో చలిదేశంలో సరస్సు ఒడ్డున ఉంటాడు. మావారు ఆయన్ని అన్నయ్య అంటారు. మావారికి అన్నయ్యంటే నాకు బావగారే కదా! మొదట్లో వెటకారానికే అన్నాను, తర్వాత అలవాటైపోయింది.

అన్నం దగ్గర కూర్చుంటే చాలు, బావగారి కబుర్లు. చలికాలంలో సరస్సు గడ్డకడితే మంచుకు చిల్లు పెట్టి గాలం వేస్తారటే, మనుషులు సరస్సు మీద నడిచిపోతారటే అని చెబుతుంటే, "ఎండాకాలంలో మన కొల్లేరు మీదా నడుస్తారుగా, అదేం గొప్ప?" అనేదాన్ని. ఈయన ఏలూరు నుంచి స్కూటరేసుకుని కొల్లేరు దిగువన ఉన్న మా చేపల చెరువులకు వెళితే, గట్టు మీద మేత బస్తాలు మోసేవాళ్ళు కూడా అడిగేవారు. "ఏవండీ, మీ అన్నయ్యగారి ఊళ్ళో మంచు కరిగిందాండీ?" అని. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగేవారు. కరిగితేగాని అక్కడివాళ్ళు పడవలు దింపలేరని వాళ్ళకు బెంగ.

మొన్నీమధ్య మావారి కంటికి శుక్లం ఆపరేషను అయింది. నల్లకళ్ళద్దాలు పెట్టారు. ఫోను చూడకూడదు, తలస్నానం చెయ్యకూడదు, ముఖ్యంగా కంట్లో నీళ్ళు రానివ్వకూడదు అని నర్సమ్మ నాకు మరీ మరీ చెప్పింది. ఉల్లిపాయలు కూడా పెరట్లో కూర్చుని తరిగాను. ఈయనకేమో కన్ను బాగుపడటం కంటే వార్తలు ఆగిపోవడం పెద్ద దిగులైపోయింది. "రాసినట్టే చదవడమేనే, మన తెలుగులాగే. నువ్వు పైకి చదువు, నాకు అర్థమవుతుంది" అన్నారు. నాలుగు గుర్తులు నేర్పారు. రోజూ పొద్దున్నే నేను అర్థం తెలియని మంత్రం చదివినట్టు చదివేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని విని, నాకు తెలుగులో చెప్పేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే ఉండేది.

ఆ బుధవారం ఈయన ఇంకా లేవలేదు. కాఫీ కాచి, కొత్తవి వచ్చాయేమో చూద్దామని ఫోను తెరిచాను. బావగారి ఫొటో. ఒక బల్ల మీద నిలబెట్టి ఉంది. ఫొటో చుట్టూ పూలదండ. ముందు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు, వాళ్ళలో ఆయన లేడు.

ఇంక చదవడానికేముంది! మా గోడల మీద దండ వేసిన ఫొటోలు ఎవరివో నాకు తెలియదా? స్టవ్వు కట్టేశాను. అయ్యో, మహానుభావుడు, మంచు కరిగాక పడవకు రంగు వేస్తానని మొన్ననే రాశాడు కదా అనుకున్నాను. ఏడుపొచ్చింది. ఈయనకు ఎలా చెప్పడం? చెబితే ఏడుస్తారు, ఏడిస్తే ఆ కన్నేం కావాలి? చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకుంటూనే స్నానాలగదిలోకి వెళ్ళి, చన్నీళ్ళు తలమీద గుమ్మరించుకున్నాను. అయినవాళ్ళు పోయారని తెలియగానే చేసే స్నానం. చెయ్యాలని ఆలోచించి చేసింది కాదు.

తల తుడుచుకుని, చుక్కల మందు వెయ్యడానికి ఆయన మీదికి వంగాను. జుట్టులోంచి నీళ్ళు ఆయన చెంప మీద పడ్డాయి.

"తలస్నానం చేశావేంటి?"

"ఉక్కగా ఉందండీ."

"బుధవారంనాడా? కుంకుడుకాయ వాసన కూడా లేదు." ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదండీ, మీరు కదలకండి" అంటూనే భోరుమన్నాను. నా అబద్ధానికి ఆయుష్షు అంతే. "మా బావగారు పోయారండీ" అని చెప్పేశాను.

ఆయన నా చెయ్యి వదిలేశారు. తర్వాత మంచం మీంచి కాళ్ళు దింపి, "పద, నేనూ స్నానం చెయ్యాలి" అన్నారు.

"చంపుతాను! తల తడపొద్దని నర్సమ్మ చెప్పలేదూ? మీ వంతు కూడా నేనే చేశాననుకోండి."

సరేనన్నట్టు కూర్చున్నారు. "ఎలా పోయాడో రాసుంటారుగా. చదువు" అన్నారు. వద్దండీ అన్నాను. వినలేదు. కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ ఒక్కో మాటా చదివాను. రెండు వాక్యాలయ్యాక, "మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. చూస్తే ఆయన భుజాలు కదులుతున్నాయి.

"ఏడవకండీ, మీకు దణ్ణం పెడతాను, కన్ను పోతుంది!"

ఏడవడం లేదు. నవ్వుతున్నారు! పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"పుట్టినరోజే పిచ్చిదానా! ఆయన ఫొటో ఒకటి పెద్దది చేయించి, పూలు చుట్టి, ఊరంతా వచ్చి పండగ చేశారట. ఆ సంగతి ఆయనే రాశాడు."

"మరి అందరూ ఉన్నారు, ఆయనేడీ?"

"ఫొటో తీస్తున్నాడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "బతికున్న మనిషి ఫొటోకి పూలు చుడతారటండీ ఎక్కడైనా? ముందర దీపాలొకటీ! ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు లేరూ చెప్పడానికి? అశుభం కాదూ?" అని అక్కడ లేని వాళ్ళందరినీ తిట్టిపోశాను. తిడుతూనే ఇంకోసారి ఫొటో చూశాను. వెనకాల సరస్సు కనిపిస్తోంది, మంచు లేదు. నీళ్ళ మీద రంగు వేసిన పడవ ఉంది. పొద్దున నా కళ్ళకు దండ తప్ప ఇంకేం కనిపించి చచ్చింది?

"నిండు నూరేళ్ళూ ఉండాలి" అని ఫోనుకే దణ్ణం పెట్టాను. "ఆయనకు రాద్దామండీ. మీరు చెప్పండి, నేను కొడతాను. దండ సంగతి మాత్రం రాయకండి, పరువు పోతుంది."

తలెత్తి చూస్తే నల్లకళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంత సేపూ నవ్విన మనిషే.

గాభరాగా దూది తీసుకుని చెంపలు ఒత్తాను. "ఇదేం చోద్యమండీ? పోయాడన్నప్పుడు ఏడవలేదు. నిక్షేపంలా ఉన్నాడని తెలిశాక ఏడుస్తారా?"

తడి ఆరని నా జుట్టు మీద చెయ్యి వేశారు.

"ఆయన కోసం తలస్నానం చేశావు కదే" అన్నారు.