గ్లౌజు తీసిన చేతులు

ఓడలు బాగుచేసే ఆ యార్డులో ఆమెను అందరూ క్రేనక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళదీ అదే పిలుపు. నలభై దాటింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, నోరు మాత్రం ఇంకా మొరాయించలేదు. ఎంత పెద్ద ఇంజన్నైనా క్రేనుతో పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినంత మెత్తగా దించుతుందని పేరు. ఆ మెత్తదనానికి కారణం కింద ఉంది. కొక్కేనికి వైరు తాళ్ళు తగిలించి, బరువు పక్కనే నిలబడి దారి చూపేది ఆమె సొంత తమ్ముడు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. "వాడి నెత్తి మీదుగా పోయే బరువు నా గుండె మీదుగా పోయినట్టే," అనేది. ఊరికే అన్న మాట కాదది.

తమ్ముడితో కలిసి పనిచేసేది దీవి వాళ్ళు, సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ మాట వీళ్ళకు రాదు, వీళ్ళ మాట వాళ్ళకు రాదు. ఏళ్ళ తరబడి సైగలతోనే నెట్టుకొచ్చారు. దీవి వాళ్ళకో కట్టుబాటు ఉంది. కొక్కేనికి బరువు తగిలించాక దాని గురించి చెడ్డ మాట నోటి వెంట రాకూడదు, వస్తే కీడును కేకేసి పిలిచినట్టే. అనుమానం వస్తే కుడిచేతి గ్లౌజు తీసి నేల మీద పెట్టి, పక్కకు పోయి నిలబడతారు. అంతే. గ్లౌజు నేల మీద ఉన్నంతసేపు బరువు కదలదు. తాళ్ళన్నీ విప్పి మళ్ళీ చూస్తారు. మొదట్లో క్రేనక్క చాదస్తమని నవ్వింది. ఒకసారి అలా విప్పిన తాడులో లోపలి పోగులు తెగి కనిపించాయి. ఆ తర్వాత నవ్వలేదు. క్యాబిన్ లోంచి బరువుకంటే ముందు కిందివాళ్ళ చేతులు చూడటం అలవాటు చేసుకుంది.

అప్పుడు యంత్రం వచ్చింది. అందరి చెవుల్లోనూ చిక్కుడు గింజంత బిళ్ళ పెట్టారు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా వినేవాడి చెవిలో వాడి భాషలో, మాట్లాడినవాడి గొంతుతోనే పలుకుతుంది. కొన్నాళ్ళు యార్డంతా పెళ్ళివారిల్లయింది.

"అక్కా, ఈ దీవి పెద్దాయన ఇన్నేళ్ళుగా నన్ను ఏమంటున్నాడో తెలుసా? నడిచే గుమ్మడికాయ అంట!" అన్నాడు తమ్ముడు.

"నేనూ అదే అంటున్నా కదరా. నా మాటకీ యంత్రం కావాల్సొచ్చిందా నీకు?"

పెద్దాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకు ముగ్గురు మనవరాళ్ళున్నారనీ, పిల్లిని చూస్తే భయమనీ అప్పుడే తెలిసింది. అలాంటి యంత్రాన్ని తిట్టడానికి క్రేనక్కకు నోరు రాలేదు.

కానీ మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. చెవి అన్నీ చెబుతుంటే కళ్ళతో పనేముంది? ఇంతలో క్రేను క్యాబిన్‌కు తాళం పడింది. ఆమెను ఆఫీసు మేడ మీద గదిలో, మైకున్న హెడ్‌సెట్ పెట్టి తెర ముందు కూర్చోబెట్టి, క్రేనును అక్కడి లివర్‌తోనే నడపమన్నారు. చల్లగాలి, మెత్తటి కుర్చీ. మోకాళ్ళకు సుఖం, కళ్ళకు గంతలు. తెర మీద బరువు కనిపిస్తుంది, తాళ్ళు కనిపిస్తాయి, తమ్ముడి హెల్మెట్ కాస్త కనిపిస్తుంది. చేతులు కనిపించవు. లేపే ముందు యంత్రం "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అందరినీ అడుగుతుంది. ఎవరూ పలకకపోతే క్రేను మీద పచ్చదీపం వెలుగుతుంది. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు సగం దగ్గరే ఆగారు. మిగతా సగం ఈ యంత్రం తనే కలిపేసుకుంది.

క్రేనక్క సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది. "సార్, దీవి వాళ్ళు వద్దని నోటితో చెప్పరు. గ్లౌజు తీస్తారు. అది దీనికెలా తెలుస్తుంది?"

అతను చెడ్డవాడేమీ కాదు. "నిజమే అక్కా. పైవాళ్ళకు చెప్తాను, తర్వాతి మార్పులో చేరుస్తారు. అంతదాకా నోటితోనే చెప్పమందాం."

చెప్పమన్నారు. పెద్దాయన తలూపాడు. తలూపడం వేరు, తాతలనాటి భయం వదలడం వేరు.

తమ్ముడు మాత్రం ఆమె బెంగను తేలిగ్గా కొట్టిపారేశాడు. "నీ గొంతు చెవిలో ఉంటే నాకు భయమేంటక్కా? నువ్వు లేపుతున్నా అంటే చాలు."

ఓ మధ్యాహ్నం, నీళ్ళలో ఓడను నడిపే పంఖా ఎత్తాలి. ఏనుగంత ఇత్తడి ముద్ద. యంత్రం అడిగింది, ఎవరూ పలకలేదు, పచ్చదీపం వెలిగింది. క్రేనక్క లివర్ మీద చెయ్యి వేసింది. తెర మూలన నేల మీద బూడిదరంగు మరక లాంటిది కనిపించింది. కళ్ళు చికిలించి చూసింది. గ్లౌజు. దాని పక్కనే ఇంకొకటి.

"ఆపేశాను సార్. కింద గ్లౌజులున్నాయి," అంది వెనక నిలబడ్డ సూపర్‌వైజర్‌తో.

"పచ్చదీపం ఉంది కదక్కా. మీ తమ్ముడు కూడా ఇందాకే అంతా బాగుందన్నాడు. సముద్రపు పోటు తగ్గేలోపు పని అవ్వాలి."

"నేను లేపను."

సూపర్‌వైజర్ కోప్పడలేదు. "సరే, మీరు కాసేపు కూర్చోండి," అని ఏదో నొక్కాడు. ఆమె చేతిలోని లివర్ చచ్చుబడిపోయింది. ఎక్కడో ఇంకో దేశంలో, ఇలాంటిదే ఇంకో గదిలో, ఈ యార్డు మనుషుల చేతులు ఎన్నడూ చూడని మరో క్రేను మనిషికి పని అప్పజెప్పింది యంత్రం. క్రేనక్క మైకులో అరిచింది. మైకు కూడా చచ్చిపోయింది. హెడ్‌సెట్‌లో మాత్రం ఓ గొంతు వినిపించింది.

"తమ్ముడూ, లేపుతున్నా. జాగ్రత్త."

అది ఆమె గొంతే. ఆమె నోరు మెదపలేదు.

"కిందివాళ్ళకు అలవాటైందని ఆ మనిషి మాటలకూ మీ గొంతే పెట్టారక్కా," అన్నాడు సూపర్‌వైజర్, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

ఆమె మెట్ల మీద పరుగెత్తింది. మోకాళ్ళున్న సంగతే మర్చిపోయింది. కింద దీవి వాళ్ళు గోడవారన నిలబడి ఉన్నారు, కుడిచేతులన్నీ ఖాళీగా. గ్లౌజులు నేల మీద ఉండగా బరువు కదలడం వాళ్ళు పుట్టి ఎరగరు. నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పెద్దాయన పిచ్చివాడిలా చెయ్యి ఊపుతున్నాడు. తమ్ముడు అటు వీపు పెట్టి, పంఖా మీద చెయ్యి ఆనించి, పచ్చదీపం కేసి చూస్తున్నాడు.

"ఒరేయ్, బయటికి రారా!"

ఆ మోతలో ఎవరికి వినిపిస్తుంది? తమ్ముడి చెవిలో ఉన్నది వేరే అక్క. "బాగుంది, అలాగే పట్టుకో," అంటోంది ఆ అక్క.

క్రేనక్క చుట్టూ తిరిగి అతని కళ్ళెదుటికి వచ్చింది. తీయడానికి చేతికి గ్లౌజు లేదు. మేడమీది పనికి గ్లౌజెందుకు? హెడ్‌సెట్ పీకి నేలకేసి కొట్టింది. పక్కకు జరిగి, నోరు గట్టిగా మూసుకుని, ఖాళీ చెయ్యి పైకెత్తి నిలబడింది.

తమ్ముడు చూశాడు. అక్క ఎదురుగా ఉంది. అక్క పెదవులు కదలడం లేదు. చెవిలో మాత్రం అక్క మాట్లాడుతోంది. గ్లౌజు లాగి పారేసి ఆమె వైపు దూకాడు.

వైరు తాడు తెగింది. అతను నిలబడ్డ చోట పంఖా పడింది. కాళ్ళ కింద నేల అదిరింది.

తమ్ముడు అక్కను గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వాడి తల, చేతులు, వీపు తడిమి తడిమి చూసుకుంది. పెద్దాయన నేల మీద కూలబడ్డాడు. కొక్కెం మీద బరువు లేదు కనుక పంఖాను దించేసినట్టే లెక్క యంత్రానికి. అందరి చెవుల్లోనూ, ఎవరి భాషలో వాళ్ళకు, క్రేనక్క గొంతు ఆప్యాయంగా పలికింది.

"అందరూ బాగా చేశారు. తర్వాతి బరువు ఎత్తుదాం. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

నోట మాట వచ్చే స్థితిలో ఒక్కరూ లేరు. క్రేను మీద పచ్చదీపం వెలిగింది.