కాపీ అయింది, తెరుచుకోలేదు

గిద్దలూరులో మాది చిన్న స్టూడియో. పెళ్ళిళ్ళలో మా ఆయన వీడియో తీస్తారు, ఎడిటింగ్ నేను చేస్తాను. పెద్దారవీడు పెళ్ళి ఒకటి ఎడిట్ చేస్తుంటే పాత ల్యాప్‌టాప్ డిస్కు టిక్కు టిక్కుమని ఆగిపోయింది. కెమెరా కార్డులు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాం. మూడు ముళ్ళు మళ్ళీ వేయించలేం కదా! అప్పటినుంచి ఏ యంత్రం మీదా నాకు నమ్మకం లేదు.

కొత్త ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లో తెప్పిద్దామని మా ఆయన అన్నారు. తేడా వస్తే ఎవర్ని నిలదీయాలని నేను ఒప్పుకోలేదు. ఆ కార్డులు సంచిలో వేసుకుని మార్కాపురం వెళ్ళాం.

దుకాణం ఒక ముస్లిం పెద్దాయనది. నాక్కావలసింది చెప్పాను. పెద్ద వీడియోలు ఆగకుండా నడవాలి, లోపల రెండో ఎస్‌ఎస్‌డీ డిస్కుకు చోటుండాలి, బ్యాకప్‌కు బయట పెట్టే డిస్కు వేరే కావాలి.

"అన్నీ ఉండాయి చెల్లెమ్మా" అన్నాడు, నా మాట పూర్తికాకముందే. ఆ తొందరే నాకు నచ్చలేదు.

డబ్బా మీద టేపు ఒక మూల లేచి ఉంది. "ముందే తెరిచినారా అన్నా?" అని అడిగాను.

"లేదమ్మా, ఎండకు లేచింటాది."

ల్యాప్‌టాప్ తెరిచి, బ్యాటరీ అంతకుముందు ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో, డిస్కు ఎంతసేపు నడిచిందో చూశాను. కొత్తదే. మా ఆయన సిగ్గుపడి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

బ్యాకప్‌కని దుకాణం పెద్దాయన ఒక నల్లటి డిస్కు నా చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టంత ఉంది. పైన రెండు టీబీ, అంటే రెండువేల జీబీ, అని రాసి ఉంది. పక్కనున్న పేరున్న కంపెనీ డిస్కుల కంటే చాలా చవక.

"ఇంత తక్కువకెట్ల వస్తాదన్నా?"

"హోల్‌సేల్‌లో తెచ్చినా. ఇంట్లో నేనూ ఇదే వాడుతున్నా."

"అయితే మా పెళ్ళి ఇక్కడే కాపీ చేసి చూస్తా."

"ఏందమ్మా, దొంగ సరుకు అమ్మేటోని మాదిరి కనపడుతున్నానా?" అంటూనే వైరు అందించాడు.

కార్డుల్లోని పెళ్ళంతా కొత్త ల్యాప్‌టాప్‌లోకి, అక్కడినుంచి ఆ డిస్కులోకి కాపీ పెట్టాను. ఆయన నమాజుకు పోయి వచ్చినా అది అవుతూనే ఉంది. చివరికి ఒక్క పొరపాటూ చూపించకుండా పూర్తయింది.

"చూసినావా? నీకు ఊరికే అనుమానం" అన్నారు మా ఆయన.

ఒక్కొక్కటే తెరిచాను. పెళ్ళికూతుర్ని చేయడం ఆడింది. ఎదురుకోలు ఆడింది. తలంబ్రాలు తెరుచుకోలేదు. ఆ తర్వాతవి ఒక్కటీ తెరుచుకోలేదు. వైరు మార్చినా అంతే. అదే పెళ్ళిని పేరున్న డిస్కులోకి వేస్తే అన్నీ ఆడాయి.

"దీంట్లో పైన రాసినంత జాగా లేదన్నా. నిండినాక ఫైళ్ళ పేర్లు మాత్రమే చూపిస్తాంది" అన్నాను.

గట్టిగా అడగాలనే నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి ఆగాను. మేడ మీది తన ఇంట్లోకి పోయి అలాంటిదే ఇంకో డిస్కు తెచ్చాడు.

"మా అబ్బా మాట్లాడిన వీడియోలమ్మా. పోయినేడు మా నాయన పోయినాడు. ఫోన్లో జాగా లేదని అన్నీ దీంట్లో వేసి అక్కడ తీసేసినా."

మొదటివి ఆడాయి. ముసలాయన మంచం మీద కూర్చుని టీ తాగుతూ ఎవరినో కోప్పడుతున్నాడు. తర్వాతవి తెరుచుకోలేదు. ఆయన ఒకే ఫైలును మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాడు. అవి పోవడం కాదు, అసలు అందులోకి ఎక్కనే లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఇంట్లో ఎవరికన్నా పంపినారేమో, వాళ్ళ ఫోన్లలో వెతకండన్నా" అన్నాను. ఆయన భార్య ఫోన్‌లో కొన్ని దొరికాయి, మసక మసకగా.

అరలో ఉన్న నల్ల డిస్కులన్నీ మా ముందే తీసి సంచిలో వేశాడు. మేం ల్యాప్‌టాప్, పేరున్న డిస్కులు రెండు తీసుకున్నాం. ఒకటి స్టూడియోలో ఉంటుంది, రెండోది కనిగిరిలో మా అక్క ఇంట్లో. కాపీ చేసిన ప్రతిదీ తెరిచి చూశాకే కార్డులు చెరుపుతున్నాను.

కొన్నాళ్ళకు మళ్ళీ మార్కాపురం వెళ్ళినప్పుడు ఆ దుకాణంలోకి తొంగిచూశాను. ఆ అర ఖాళీగానే ఉంది. వీధి చివర ఇంకో దుకాణంలో మాత్రం అవే నల్ల డిస్కులు వరసగా వేలాడుతున్నాయి. వాటిని వాళ్ళే తెచ్చుకున్నారో, ఆ సంచి అక్కడికి చేరిందో నాకు తెలియదు. వాళ్ళనే అడుగుదామని అటు రెండడుగులు వేసి, ఆ పెద్దాయన ముఖం గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాను.