టీబీ పోయింది, కొత్త సైకిలు వచ్చింది

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో ఒక సోమవారం బడిలో పిల్లల చేత ఎక్కం చెప్పిస్తూ మధ్యలో ఆగిపోయాను. ఊపిరి అందలేదు. కుడివైపు పక్కటెముకల కింద గుడ్డ పిండినట్టు నొప్పి. నేను తర్వాతి మాట చెబుతానని పిల్లలు నా ముఖం చూస్తూ కూర్చున్నారు.

మాది బెల్లంపల్లి. మా ఆయన యోహాను బొగ్గుబాయిలో ఫిట్టరు. నేను అడవి దారిలో ఉన్న ఒక పల్లె బడిలో పంతులమ్మను. మిషన్ బోర్డింగులో చదువుకునే రోజుల్లోనే సైకిలు నేర్చుకున్నాను కాబట్టి, బడికి ఇచ్చిన పాత సైకిలు మీద రోజూ పోయివచ్చేదాన్ని. ఆ రోజు దాన్ని నడిపించుకుంటూ ఇల్లు చేరాను.

బొగ్గు దుమ్ము పడలేదేమో అనుకున్నాం. కషాయాలు తాగాను. సాయంత్రమైతే జ్వరం, నిద్రలో చెమటలు. కట్టుకున్న చీర నడుము దగ్గర నిలిచేది కాదు. ఒకనాడు దగ్గితే గుడ్డ మీద ఎర్రటి చార కనబడింది. మా అత్త మార్తమ్మ ఆ గుడ్డ చూసి, పొయ్యిలో వేసి, కొడుకును పిలిచింది.

"గిది ఉత్త దగ్గు గాదురా. రేపు పొద్దుగాల బండికే తీస్కపో. పెద్ద దవాఖానల చూపియ్యి."

రైల్లో పెద్దపల్లి దాకా పోయి, అక్కడి నుంచి బస్సులో కరీంనగర్ చేరాం. ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూపించింది.

"కుడి లంగ్‌లో మచ్చ ఉంది. ప్లూరల్ ఎఫ్యూజన్ కూడా ఉంది, అంటే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. స్పుటం పాజిటివ్, అంటే కఫంలో క్రిములున్నాయి. ఇది టీబీ అమ్మా."

మా ఆయన గోడకు ఆనుకుని ఏడ్చాడు. "బతుకుతదా అమ్మా?"

"బతుకుతుంది. ఇప్పుడు మందులున్నాయి. మీరు ఏడుపు ఆపితే ముందు బెడ్ రాయిస్తాను."

పక్కటెముకల మధ్య పెద్ద సూది గుచ్చి నీరు తీశారు. గాజు సీసాలో అది పలచటి టీ రంగులో కనిపించింది. ఆ పూటే ఊపిరి కాస్త లోపలికి పోయింది. రోజూ తుంటికి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, నోటికి ఐఎన్‌హెచ్ మాత్రలు, వాటితోపాటు పాస్ అనే మందు. ఆ పాస్ మింగితే కడుపు తిప్పేది. మా అత్త ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో జొన్నరవ్వతో గటక వండి, నా పక్కన కూర్చుని తినిపించేది. కక్కితే మళ్లీ వండేది. కోపం మాత్రం చేయలేదు.

జ్వరం తగ్గింది. ఆకలి పుట్టింది. స్పుటం నెగెటివ్ వచ్చిన రోజు డాక్టరమ్మ నా భుజం తట్టి పోయింది. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు మొదలైంది రెండో కష్టం. చెవుల్లో కీచురాళ్ల రొద. లేచి నిలబడితే నేల పడవలా ఊగేది. నీరసం వల్ల కావచ్చుననుకున్నాను. ఒక ఆదివారం వార్డులో ప్రార్థన చేస్తూ అందరితోపాటు నిలబడి కళ్లు మూసుకున్నాను. ఆమెన్ అనేలోపే పక్క బెడ్ ఆమె మీద పడిపోయాను.

డాక్టరమ్మ పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్లు మూసుకోమంది. మూసుకోగానే ఆమె చేతుల్లోకి ఒరిగాను.

"స్ట్రెప్టోమైసిన్ మీ చెవి లోపలి బ్యాలెన్స్ నరాన్ని దెబ్బతీసింది. ఈ రోజు నుంచి ఇంజెక్షన్ ఆపేస్తున్నాను. మాత్రలు, పాస్ మాత్రం మానకూడదు."

"ఇది తగ్గుతదా అమ్మా? నేను సైకిల్ మీద బడికి పోవాలె."

ఆమె నన్ను మంచం అంచున కూర్చోబెట్టింది. "ఆ నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు. దాని పని మీ కళ్లు, కాళ్లు నేర్చుకోవాలి. మంచం మీద ఉంటే నేర్చుకోవు. ముందు నేల మీద తిన్నగా నడిచి చూపించండి, తర్వాత సైకిలు మాట."

ఇంటికి వచ్చేసరికి నా స్థానంలో ఇంకొకామె పనిచేస్తోంది. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేనాటికి నేను రాకపోతే ఆ ఉద్యోగం ఆమెకే ఇస్తామని పైవాళ్లు కబురు పెట్టారు. అప్పటికి నేను గోడ పట్టుకోకుండా వంటింటి దాకా పోలేకపోతున్నాను. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూస్తే తూలిపడేదాన్ని. నడుస్తుంటే ఎదుటి మనుషుల ముఖాలు ఎగిరెగిరి పడేవి.

రోజూ తెల్లవారుతూనే అత్త చేయి పట్టుకుని నడిచాను. ఆ తర్వాత చేయి వదిలి, ఆమె పక్కన. వాకిలి, గల్లీ, ఆపై చర్చి వెనక మైదానం. కాళ్ల కిందికి చూస్తే తల తిరుగుతుందని, దూరాన ఒకచోట చూపు నిలిపితే నిలబడగలనని తెలిసింది. అక్కడి నుంచి బొగ్గుబాయిలోకి మనుషులను దించే పెద్ద ఇనుప చక్రం కనిపించేది. దాన్నే చూస్తూ నడిచేదాన్ని.

ఎండలు ముదిరాక మా ఆయన బాయి దవాఖాన నర్సమ్మను అడిగి, ఆడవాళ్ల సైకిలు ఒకటి తెచ్చాడు. "పడితే నా మీదికి రావద్దు మల్ల" అన్నాడు గానీ, సీటు తానే కిందికి దించాడు. పడ్డాను. మోకాళ్లు, మోచేతులు గీరుకుపోయాయి. మా అత్త కొంగు నడుముకు చుట్టి, వెనక క్యారియరు పట్టుకుని పరుగెత్తేది. ఒకరోజు మైదానం చివర ఆమె ఆగి, రొప్పుతూ మట్టిలో కూలబడింది.

"నాకు దమ్మొస్తుంది బిడ్డా. టీబీ వచ్చింది నీకా, నాకా? ఇగ నాతోని గాదు. నువ్వే తొక్కుకో."

తొక్కాను. వంకరటింకరగానైనా మైదానం చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చి ఆగాను. ఆమె నవ్వలేదు. మోకాలి మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

బడి తెరవడానికి ముందు కరీంనగర్ పోయాం. ఎక్స్‌రే బాగుంది. వరండా బండల అంచు వెంబడి డాక్టరమ్మ ముందు నడిచి చూపించాను. "తొక్కండి. కానీ చీకట్లో వద్దు. కళ్లే మీకు ఆధారం" అంది.

బడివాళ్లు తిరిగి తీసుకుపోయిన పాత సైకిలు అక్కడే ముక్కలై పోయింది. సెకండ్‌హ్యాండుది చూద్దామన్నాడు మా ఆయన. అత్త ఒప్పుకోలేదు.

"పాతదెందుకురా? పిల్ల కొత్త పానంతోని వచ్చింది. కొత్తదే కొను."

మా ఆయన తన సైకిలు వెనక నన్ను కూర్చోబెట్టుకుని మంచిర్యాల తీసుకుపోయాడు. దుకాణంలో కొత్త రబ్బరు, రంగు వాసన. పచ్చ రంగు లేడీస్ సైకిలు, హ్యాండిలుకు ఇంకా కాగితం చుట్టి ఉంది. దుకాణదారు మా ఆయన వైపు చూసి, "ఎవరికి సార్?" అన్నాడు.

"నాకే. జర సీటు దించుండ్రి" అన్నాను.

కాగితం నేనే ఊడదీశాను. గంట నేనే ఎంచుకున్నాను, అన్నిటికంటే గట్టిగా మోగేది. పెడలు తిప్పితే వెనక చక్రం చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా చూస్తూ నిలబడ్డాను.

"రైల్లో ఏస్కపోదాం. గంత దూరం నీతోని గాదు" అన్నాడు మా ఆయన.

"మీరు ఎనక రాండ్రి" అని ఎక్కాను.

మందమర్రిలో ఆగి చాయ్ తాగాం. తొడలు వణికాయి, ఊపిరి మాత్రం ఆడుతూనే ఉంది. ఆ దారంతా నేను దూరానికి చూస్తూ తొక్కాను. పొద్దు ఉండగానే బెల్లంపల్లి చేరాను. మా గల్లీలో అడ్డం ఎవరూ లేకపోయినా గంట కొట్టుకుంటూ పోయాను. బడి తెరిచిన రోజు అందరికంటే ముందు తాళం తీసింది నేనే.

ఇప్పటికీ అదే బడి. సాయంత్రం చీకటి పడకముందే బయలుదేరుతాను. రాత్రి వాకిట్లోకి పోవాలంటే లాంతరు ఉండాల్సిందే. చెవిలో రొద పూర్తిగా పోలేదు, అలవాటైంది. ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలకు సైకిలు నేర్పాను, ఇంకొకతె నేర్చుకుంటోంది.

టీబీకి ఈ సూది మందు తీసుకుంటున్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. చెవుల్లో రొద వచ్చినా, నేల ఊగినట్టు అనిపించినా నీరసమని సరిపెట్టుకోకండి. ఆ పూటే డాక్టరుకు చెప్పండి. ఏ మందు ఆపాలో, ఏది సాగించాలో వాళ్లనే తేల్చనివ్వండి.